నాయిన మూర

పక్షవాతం తగిలి లేచాక నాయిన కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. బల్కంపేటలో మాది కట్టెల దుకాణం. హోటళ్లకూ, పంజాగుట్ట ఫంక్షన్ హాళ్లలో వంట చేసేవాళ్లకూ మొద్దులు చీల్చి అమ్ముతాం. పెళ్లికి ముందు నుంచీ గొడ్డలి పట్టిన మనిషి మూడు నెలలు కుర్చీలో కూర్చుని గోడ చూస్తూ ఉండిపోయాడు. తిను అంటే తినేవాడు, పడుకో అంటే పడుకునేవాడు. ఆయన్ని మళ్లీ దుకాణంలో నిలబెట్టాలని కట్టెలు చీల్చే మిషన్ ఒకటి తయారు చేయించడం మొదలుపెట్టాను. ఎడమచేత్తో లివర్ లాగితే కట్టె చీలిపోవాలి. అమీర్‌పేట ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లో ఇనుప సామాన్ల డ్రాయింగులు గీస్తాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

మా ట్రాక్టర్ ట్రాలీ వెనక ఒక ఇనుప గర్డర్, దాని మీద ఒక చివర గొడ్డలి మొనలాంటి ఇనుప దిమ్మ, రెండో చివర తుక్కులో కొన్న హైడ్రాలిక్ జాకీ. ట్రాక్టర్ నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో జాకీ మొద్దును నెట్టుకుపోయి దిమ్మకు గుచ్చుతుంది. అన్ని కొలతలూ మిల్లీమీటర్లలో రాసి, మొద్దు పొడవు దగ్గర మాత్రం ‘మూరన్నర’ అని రాశాను. పుట్టినప్పటి నుంచి దుకాణంలో విన్న మాట అది, వేరే కొలత ఉంటుందని తోచలేదు.

సనత్‌నగర్‌లో వెల్డింగ్ ఆయన పొట్టి మనిషి. మిషన్ తయారయ్యాక చూస్తే మా మొద్దు నాలుగు వేళ్ల మేర పట్టలేదు.

"మూరన్నర అని మీరే రాసిండ్రు గదా మేడమ్. కొలిచిన. నా చెయ్యి గింతే ఉన్నది, నేనేం చెయ్యాలె?"

మా దుకాణంలో మూర అంటే నాయిన మోచేతి నుంచి వేలి కొస దాకా. ఆదివారం ఆటోలో నాయినను వెల్డింగ్ షాపుకు తీసుకుపోయాను. బరువుగా వేలాడుతున్న ఆ చేతిని ఎత్తి గర్డర్ మీద పరిచాను. మోచేతి దగ్గర ఒక గీత, వేలి కొస దగ్గర ఒక గీత గీశాను. తీరిగ్గా, తప్పు పోకూడదని రెండుసార్లు కొలిచాను.

చెయ్యి ఎత్తితే తోలు ఊడి గర్డర్‌కు అంటుకుంది. దిమ్మను వెనక్కి జరపడానికి గ్యాస్ మంటతో కోసి అప్పటికి పావుగంట కూడా కాలేదు. ఇనుము ఎంతసేపు కాలుతూ ఉంటుందో తెలిసిన దాన్ని నేను.

"ఏం గాలే బిడ్డా, నొప్పి లేస్తలేదు. నువ్వు కొలువు" అన్నాడు.

ఏడుపు రాలేదు. కొలత కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆ మూడు నెలల్లో నాకూ ఏదీ తగలకుండా పోయిందని అప్పుడు తెలిసింది.

చెయ్యి మానింది, మిషన్ కుదిరింది. నాయిన దుకాణానికి వస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, బేరాలాడుతున్నాడు. రోజూ ఆఫీసుకు పోయేముందు దుకాణంలో ఆయన కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కడతాను. లేకపోతే గర్డర్ మీద పెట్టి మరిచిపోతాడు.

"కట్టినవా?" అని అడుగుతాడు. కట్టింది ఆయనకు తెలియదు.

మొన్న ఫోన్ మాట్లాడుతూ, కట్టకుండానే "కట్టిన" అన్నాను. ఆయన నా వైపు కూడా చూడకుండా లివర్ లాగాడు. ఫోన్ కింద పడేసి, మొద్దు చీలేదాకా ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

పట్టుకున్నట్టు నాయినకు తెలియలేదు.