కెలేరా నర్సమ్మ సాక్ష్యం

కెలేరా నర్సమ్మ మా దీవి ఆసుపత్రికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. వాళ్ళ దీవికీ మా దీవికీ వేళాకోళపు చుట్టరికం. ఒకరినొకరు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, తాతల నాటి ఒప్పందం అది. పడవ దిగిన రోజునే నన్ను చూసి, "ఏం వదినా, మీ దీవిలో చేపలు నిద్రపోతే గానీ వలలో పడవటగా?" అంది. నేను ఊరి పెద్ద భార్యను, నా నోటికి ఊరంతా జడుస్తుంది. ఆమె మాత్రం జడవలేదు. అప్పటి నుంచీ ఆమెతో నాలుగు మాటలు పడందే నాకు పొద్దు పోదు.

ఆమె ఆసుపత్రి అంటే సముద్రం ఒడ్డున ఒక గది, రెండు మంచాలు, ఒక ఫోను. మధ్యాహ్నాలు నీళ్ళ మీది వెలుగు కిటికీలోంచి వచ్చి కప్పు మీద కదులుతూ ఉంటుంది. కాన్పుకొచ్చినవాళ్ళు ఆ వెలుగునే చూస్తూ, నొప్పికీ నొప్పికీ మధ్య కునుకు తీస్తారు. నా ఆఖరి పిల్ల అక్కడే పుట్టింది. నొప్పి ఎంతో ఇప్పుడు గుర్తు లేదు. ఆ వెలుగూ, నడుము మీద నర్సమ్మ అరచెయ్యీ గుర్తున్నాయి.

ఎవరైనా కడుపు దాచుకుంటే ఊరికి కీడని, ఆమె దిగిన నీళ్ళలో చేప పడదని మా నమ్మకం. ఎనిమిదేళ్ళ క్రితం వారం రోజులు మా ఆడవాళ్ళ వలలు ఖాళీగా వచ్చాయి. నడుములోతు నీళ్ళలో నిలబడి నేనే గొంతెత్తి అన్నాను.

"మనలోనే ఎవతో దాచుకు తిరుగుతోంది. అదేదో బయటపడితే పెండలంలోకి చేప ముక్కన్నా దొరుకుతుంది."

అందరూ నవ్వారు. నా ఆడపడుచు కూతురు తితిలియా కూడా నవ్వింది. దానికి పదిహేడేళ్ళు.

మూడో రోజు అది ఏవో ఆకుల రసం తాగి, నెత్తురోడుతూ నర్సమ్మ గుమ్మంలో కూలిపోయింది. కబురందుకుని నేను పరిగెత్తాను. ఏం చెయ్యాలో నర్సమ్మకు తెలుసు, చేతికొచ్చిన పనే. కానీ కడుపు తీయించుకోవడం నేరమనే చట్టం ఒకటుంది కదా. ఆవలి దీవి డాక్టరుకు ఫోను చేసింది. ఇది పోలీసుల దాకా పోయే వ్యవహారం, నేనొచ్చేదాకా ముట్టుకోకు అన్నాడాయన. పడవ మర్నాటికి గానీ రాలేదు. అప్పటికే పిల్ల నర్సమ్మ ఒళ్ళో తల పెట్టుకుని కప్పు మీది వెలుగు చూస్తూ చూస్తూ పోయింది. పోయే ముందు నా వైపు తిరిగి, "అత్తా, చేపలు పడుతున్నాయా?" అని అడిగింది. పడుతున్నాయన్నాను.

జ్వరంతో పోయిందని ఊరంతా అంది. మా ఆయనా తెలిసి తెలిసి అదే అన్నాడు.

రెండేళ్ళకు మరో పిల్ల అదే స్థితిలో వచ్చింది. ఈసారి నర్సమ్మ ఫోను ముట్టలేదు. ఆ పిల్ల బతికింది. ఎవరో నాకు తెలుసు, చెప్పను.

మొన్న పార్లమెంటు కమిటీ వచ్చింది. కడుపు తీయించుకోవడం గురించీ కాన్పుల వైద్యం గురించీ కొత్త చట్టం రాస్తున్నారట, ఊళ్ళ మాట వినాలట. ముందురోజే నర్సమ్మను బతిమాలాను. పింఛనుకు మూడేళ్ళే ఉంది, నోరు మూసుకో, ఉద్యోగం పోవడమే కాదు జైల్లో పెడతారు అన్నాను. నోరు మూసుకోమని నువ్వా చెప్పేది అని నవ్వింది.

ఊరి సభలో ముందు చాపల మీద మగవాళ్ళు, తలుపు దగ్గర ఆడవాళ్ళం. కావా వేరు పిండిన మత్తునీళ్ళ చిప్ప చేతులు మారేకొద్దీ మాటలు మెత్తబడ్డాయి, గొంతులు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించాయి. మా ఊళ్ళో అలాంటివి జరగవని మా ఆయన నిదానంగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

నర్సమ్మ వంగి నడుస్తూ ముందుకొచ్చి కూర్చుంది.

"అయ్యా, నా దగ్గరికి ఇద్దరు పిల్లలొచ్చారు. ఒకదానికి చట్టం చెప్పినట్టే చేశాను, చచ్చిపోయింది. రెండోదానికి చట్టం తప్పాను, బతికింది. నన్ను దేనికి శిక్షిస్తారో మీరే చెప్పండి."

రాసుకున్నాక వెనక్కి తీసుకోలేవమ్మా అన్నాడు కమిటీ అధ్యక్షుడు. రాసుకోమంది. బతికినామె పేరు అక్కర్లేదు గానీ, చనిపోయినామె పేరైనా చెప్పకపోతే ఇది గాలిమాట కింద పోతుందన్నాడు. నర్సమ్మ మా ఆయన వీపు వైపు చూసి తల దించుకుంది. పోయినవాళ్ళ పేరు అలాంటి చోట ఇంటివాళ్ళే ఎత్తాలి. మా ఆయన చిప్పలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఉద్యోగాన్ని ఒడ్డి చెప్పిన మాట మా ఇంటి పరువు కోసం మట్టిలో కలిసిపోతోంది.

"తితిలియా," అన్నాను తలుపు దగ్గర నుంచి. "మా ఇంటి పిల్ల. అది ఆకులు తాగింది నా నోటికి భయపడి. అదీ రాయండి."

మా ఆయన వెనక్కి తిరగలేదు. గుమస్తా నా పేరు అడిగాడు. మకెరెతా అని చెప్పి, నర్సమ్మ పేరు కిందే రాయించాను.