పాదరసం పట్టిన ఉంగరం

జమ్మలమడుగు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన రోజుల్లో ఒక పాఠాన్ని ఏటా ఒకే క్రమంలో చెప్పేవాణ్ణి. ముందు ఇసుకలో ఇనుపరజను కలిపి, అయస్కాంతంతో లాగి చూపేవాణ్ణి. రెండూ పక్కపక్కన ఉన్నాయే కాని ఏదీ తన గుణాన్ని వదులుకోలేదు, అది మిశ్రమం. ఆ తర్వాత పాదరసం. బంగారానికి పాదరసం తగిలితే లోపలికి దిగుతుంది, పసుపు పోయి తెల్లబడుతుంది. కడిగినా, జల్లించినా, తుడిచినా విడిపోదు. నిప్పు మీద పెట్టినప్పుడే పాదరసం ఆవిరై పోయి బంగారం మిగులుతుంది. దీనికి పుస్తకంలో అమాల్గం అని పేరు. పోయే ఆ ఆవిరి విషమని చెప్పడం ఎన్నడూ మరవలేదు.

ఈ రెండో సగం నేను పుస్తకంలో కంటే ముందు మా బావ పెరట్లో చూశాను.

మాది పులివెందుల దగ్గర చీనీతోటల పల్లె. అక్కను జమ్మలమడుగు అవతలి ఊరికి ఇచ్చారు. ఆ ఊరు రెండు వర్గాలు. ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క పార్టీ జెండా. ఒక హత్య, దానికి బదులు ఇంకొకటి జరిగాక బావ సేద్యం వదిలి, అక్కను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు చేరాడు. కంసాలి అంగళ్లలో ఊడ్చిన మట్టిని కొని, కాల్చి, నూరి, నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన దానికి పాదరసం పట్టించేవాడు. మట్టిలోని బంగారపు పొడినంతా పాదరసం పట్టుకొనేది. దాన్ని మందపు గుడ్డలో వేసి పిండితే తెల్లని ముద్ద మిగిలేది. ముద్దను మూసలో కాల్చేటప్పుడు అక్క గాలివాటం చూసి మమ్మల్ని ఇంటి ముందుకు తరిమేది. నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను, ఉద్యోగం వచ్చాక కూడా అక్కణ్ణుంచే రోజూ బస్సులో కాలేజీకి పోయి వచ్చేవాణ్ణి.

బావ వేలికి పెళ్లినాటి ఉంగరం ఉండేది. వేలికణుపు లావెక్కి అది ఊడివచ్చేది కాదు. ఆ వేళ్లతోనే పాదరసం పిండేవాడు కాబట్టి ఉంగరం ఏడాది పొడుగునా తెల్లగానే ఉండేది. ఉగాది ముందు మాత్రం సబ్బు పూసి, పళ్లు బిగబట్టి లాగి, కాల్చి, మెరుగు పెట్టి మళ్లీ తొడిగేవాడు. పండగనాడు పచ్చగా ఉండేది. పని మొదలైన వారానికి మళ్లీ తెల్లబడేది.

"బంగారం పెట్టినామని మా నాయన ఊరంతా చెప్పుకుండ్య. ఈయప్ప చేతిలో అది సత్తుదైపాయె" అని అక్క దెప్పేది.

"మంచిదే గదమే. దొంగోడు గూడా ముట్టడు" అనేవాడు బావ.

ఒక ఏడాది ఎన్నికల్లో తమ వర్గం పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చోమని ఊరినుంచి కబురు వచ్చింది. అక్క వద్దంది. పోకపోతే ఊర్లోనే ఉండిపోయిన తన తమ్ముడు తలెత్తుకొని తిరగలేడని బావ వెళ్లాడు. పోలింగు ముగిసి తిరిగి వస్తుండగా వాగు దగ్గర అవతలి వర్గంవాళ్లు చంపారు. ఆ సాయంత్రం నా డైరీలో బస్సు చార్జీ, ఆసుపత్రికి చేరిన వేళ మాత్రమే ఉన్నాయి, తక్కినది రాయలేదు. శవానికి కుడిచేతి ఉంగరపు వేలు లేదు.

పని పూర్తయిందని తమవాళ్లకు గుర్తు చూపడానికి కోసుకుపోయారని పోలీసులు అన్నారు. వారం తిరగకుండానే ఉంగరం ప్రధాన ముద్దాయి ఇంట్లో, పైకప్పు బోదగడ్డిలో దొరికింది. పంచనామాలో దాన్ని "తెల్లని లోహపు ఉంగరం" అని రాసుకున్నారు. చూసినవాళ్లు చూసినట్లు రాశారు. అది బంగారమని, తన మొగుడిదని అక్క అప్పుడే వాంగ్మూలం ఇచ్చింది.

కేసు విచారణకు వచ్చేసరికి రాజకీయం మారిపోయింది. రెండు వర్గాల పెద్దలూ ఒకే పార్టీలో చేరారు. జమ్మలమడుగు సభలో ఇద్దరి మెడలకూ కలిపి ఒకే గజమాల వేశారు. ఆ నెలలోనే బావ హత్యను కళ్లారా చూసిన ఇద్దరూ తమకేమీ తెలియదని కోర్టులో చెప్పారు. ఇక కేసుకు మిగిలింది ఆ ఉంగరం, అది ఎవరిదో చెప్పగల అక్క.

బావకు పెదనాన్న అయిన ముసలాయన ఒక ఆదివారం ప్రొద్దుటూరు వచ్చాడు. అక్కకు పెద్దమామ. అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగినంతసేపూ వానల గురించి, బోరు ఎండిపోవడం గురించి మాట్లాడాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మీ, ఊర్లో అందరం కలిసిపోయినాం. ఇంగ నీదొక్కటే ఉండేది."

"బియ్యంలో రాళ్లు కలిసినట్ల కలిసినారు మామా. నాకు తెలీదా?"

"రాళ్లో బియ్యమో, ఒకే చేటలో ఉండాము గదా. నీ మరిది గూడా ఖూనీ కేసులో జైల్లో ఉండాడు. ఆ పక్కోళ్లు సాక్ష్యం చెప్పకుంటే వాడు బైటికొస్తాడు. చెప్పినారంటే యావజ్జీవం. వాని బిడ్డ పాలు తాగతాంది ఇంకా."

"ఏం చేయమంటావు?"

"అబద్ధం గూడా చెప్పొద్దులే. అది చూడ్డానికి తెల్లగుండాది. మా ఆయనది బంగారుది, ఇది వెండిది అను. అంతే."

అక్క నావైపు చూసింది. ముసలాయన కూడా చూశాడు.

"ఏమప్పా లెక్చరరూ, నువ్వు చెప్పు. చూస్తే వెండి మాదిరే లేదా?"

"చూస్తే అట్లే ఉంటుంది" అన్నాను.

"చూడు మరి!" అన్నాడాయన.

అక్క అప్పటికి ఏమీ మాట ఇవ్వలేదు. ఆ తర్వాతి రోజుల్లో మరిది పెళ్లాం పసిబిడ్డను చంకనేసుకొని వచ్చింది. ఏమీ అడగలేదు. గిన్నెలు తోమింది, పెరడు ఊడ్చింది, అక్కకు తలదువ్వింది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఒక పదార్థం మిశ్రమమా, అమాల్గమా అన్నది కంటితో తేలదని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి. వర్గాలు కలిసినప్పుడు కూడా కంటితో తేలదు. కాని అక్క సంగతి వేరు. గజమాల వేసుకున్నవాళ్లు రేపు మళ్లీ విడిపోగలరు, ఎవరి జెండా వాళ్లు ఎత్తుకోగలరు. మరిది బతుకు, మొగుడి చావు మాత్రం అక్కలో ఒకదానిలోకి ఒకటి దిగిపోయాయి. ఒకటి పట్టుకొని ఒకటి వదలడానికి ఆమెకు దారి లేదు.

కోర్టులో ప్రభుత్వ వకీలు ఉంగరాన్ని చిన్న కాగితపు పొట్లంలోనుంచి తీసి బల్ల మీద పెట్టాడు. అక్క వంగి చూసింది, చేత్తో ముట్టలేదు. ముద్దాయి బోనులో చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఇది మీ భర్తదేనా అమ్మా?"

"కాదు సార్. మా ఆయనది బంగారుది. ఇది వెండిది."

ప్రభుత్వ వకీలు పాత వాంగ్మూలం చదివి వినిపించాడు. తానలా చెప్పలేదంది. పరీక్షకు పంపమని ఎవరూ అడగలేదు. నేను మూడో బెంచీలో ఉన్నాను. సాక్షుల్లో నా పేరు లేదు. కేసు కొట్టేశారు. కొన్నాళ్లకు అవతలి కేసులోనూ సాక్షులు ఏమీ చూడలేదన్నారు, మరిది ఇల్లు చేరాడు.

అక్క సాక్ష్యం చెప్పిన మధ్యాహ్నం ఇద్దరం బస్టాండుకు నడిచి వెళ్లాం. ఎండ మండిపోతోంది. పులివెందుల బస్సు నిండిపోయి కదిలింది. ప్రొద్దుటూరు బస్సు ఇంకా రాలేదు. సోడా తాగుదామన్నాను. వద్దంది. కొంగు నెత్తిన వేసుకొని గోడ నీడలో నిలబడి అడిగింది.

"రేయ్, దాన్ని ఇప్పుడు ఏం చేస్తారు?"

"మనది కాదన్నావు గదక్కా. సర్కారుకు పోతాది."

"కాలుస్తారా?"

"వెండి అని రాసుకున్నారు. ఎవరు కాలుస్తారు? అట్లే పొట్లంలో పడుంటాది."

అక్క తలాడించింది.

"కాల్చకుంటే చాలు" అంది.