ఖాదర్ అంకుల్ ఖాతాలో పడ్డ ఆలస్యం

నిన్న మధ్యాహ్నం ఆఫీసు భోజనాల గదిలో ఎవరో డబ్బా మూత తీశారు. చింతపులుపు, ఎండుమిర్చి తాలింపు కలిసిన ఖట్టీ దాల్ వాసన. ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఖాదర్ అంకుల్ గుర్తొస్తారు, ఆయన వెంటే రోడ్డుకు అడ్డంగా ఆగిన ఒక గూడ్సు బండీ గుర్తొస్తుంది.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా ఒక కంప్యూటర్ కోర్సు, ఏ గోడ చూసినా ఉద్యోగం గ్యారంటీ అనే కాగితం. కాకినాడ నుంచి వచ్చి, ఆ గ్యారంటీలన్నీ నమ్మిన అమాయకురాలిని నేను. యూసుఫ్‌గూడలో ఖాదర్ అంకుల్ వాళ్ల మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆయన గూడ్సు బండికి గార్డు, అంటే చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా వెళ్లే మనిషి. రైలు గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా బండి ఆపే సిబ్బంది అంటే ఆయనకు ఒళ్లు మంట. "రోడ్డు మన అబ్బ జాగీరా బేటీ? ఆగితే గేటుకు ఇవతలన్న ఆగాలె, అవతలన్న ఆగాలె" అని టీ తాగినప్పుడల్లా దండకం చదివేవారు. నాకు నవ్వొచ్చేది. రైలు కోసం మనం ఆగాలి గానీ, మన గురించి రైలు ఆలోచిస్తుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ వేసవిలో బేగంపేటలోని ఓ చిన్న కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇదీ రాకపోతే ఇంటికి వచ్చేయమని నాన్న తేల్చి చెప్పేశారు. ఆటోలో అడ్డదారిన రైలు గేటు దగ్గరికి చేరేసరికి, ఏనుగు పోయి తోక చిక్కినట్టు, గూడ్సు బండి అంతా దాటిపోయి చివరి నాలుగైదు పెట్టెలు మాత్రం రోడ్డు మీద ఆగి ఉన్నాయి. మండుటెండ. హారన్లు, తిట్లు. కొందరు పెట్టెల కింద నుంచి దూరి అవతలికి పోతున్నారు. ఫైలు గుండెకు అదుముకుని నేనూ వంగాను.

"ఏయ్, ఆగు! కిందికి పోకు!"

తెల్ల యూనిఫాంలో, ఇంకా నోట్లో ముద్ద నములుతూ, పట్టాల పక్కన ఖాదర్ అంకుల్ పరుగెత్తుకొస్తున్నారు. నన్ను చూసి ముఖం పాలిపోయింది. నన్ను వెనక్కి జరిపి వాకీటాకీ అందుకున్నారు. "డ్రైవర్ సాబ్, తోక గేటు మీదున్నది. సిగ్నల్ దాంక జాగా ఉంది గద, జర ముందుకు గుంజు."

"గీడ బ్రిడ్జి నీడ ఉంది భాయ్. ఎండ మస్తుగుంది" అంది అవతలి గొంతు.

"నీకు నీడ, వీళ్లకు ఎండనా? గుంజు!"

అయినా వెంటనే కదలనివ్వలేదు. ప్రతి పెట్టె కిందికీ వంగి చూసి, దూరినవాళ్లందరినీ బయటికి రప్పించాకే జెండా ఊపారు. నా ప్రాణం ఇంటర్వ్యూ దగ్గర ఉంది, ఆయనకేమో నా ప్రాణమే ముఖ్యం. అప్పుడు మాత్రం ఆ నిదానానికి ఏడుపొచ్చింది. కంపెనీకి చేరాక, వేళ దాటిపోయిందని వెళ్లిపొమ్మన్నారు.

సాయంత్రం బట్టలు సర్దుకుంటుంటే ఆయన మెట్లెక్కి వచ్చారు. "ఆ లేటు నాది బేటీ" అన్నారు.

"మీదేంటి అంకుల్? నీడ చూసుకుని ఆపింది డ్రైవర్ కదా!"

"ముందలున్నోనికి తోక కనపడదు. చూసి చెప్పేటోన్ని నేను. బండి ఆగంగనే గేటు దిక్కు చూడాలె. నేను దాల్ డబ్బా తెరిచిన."

మర్నాడు డ్యూటీకి వెళ్లేముందు, నేను వద్దు వద్దంటున్నా వినకుండా, అదే యూనిఫాంలో నా వెంట ఆ కంపెనీకి వచ్చారు. మేనేజరు గారు ఏదో ఫిర్యాదు అనుకుని కంగారుగా లేచారు. అంకుల్ నిలబడే చెప్పారు. "మా పనిల బండి లేటైతే, అది ఎవరిదో వాళ్ల ఖాతాల రాస్తరు సార్. సిగ్నలోళ్లదైతే వాళ్లది, డ్రైవర్‌దైతే డ్రైవర్‌ది. నిన్నటిది గార్డు ఖాతా. ఈ పిల్ల ఖాతాల ఎయ్యకుండ్రి."

మేనేజరు గారు ప్రశ్నపత్రం తీసి బల్ల మీద పెట్టి, నన్ను కూర్చోమన్నారు. పరీక్ష నేనే రాశాను, ఉద్యోగం నేనే తెచ్చుకున్నాను, ఆ గొప్ప ఎవరికీ ఇవ్వను. కానీ ఆ కుర్చీ మాత్రం ఆయన ఇప్పించిందే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తలచుకుంటే ఇప్పటికీ దుఃఖం కంటే ముందు సంతోషమే కలుగుతుంది.

పోయిన నెల మా జట్టు పని ఆగిపోయి, పై అంతస్తు వాళ్లంతా మా కోసం చేతులు ముడుచుకుని కూర్చున్నారు. 'అనివార్య సాంకేతిక కారణాల వల్ల' అని మావాళ్లు మెయిల్ సిద్ధం చేశారు. దాన్ని పంపనివ్వలేదు. ఆ ఆలస్యం నాదని, చూసుకోవలసింది నేనేనని చెప్పడానికి స్వయంగా బయలుదేరాను. ఎక్కాల్సింది ఒక్క అంతస్తే. అయినా సగం దూరంలో రెండుసార్లు వెనక్కి దిగబోయాను. ఎవరూ పిలవని ఆఫీసులోకి, ఎవరూ అడగని తప్పు ఒప్పుకోవడానికి, ఆయన ఎంత ధైర్యంగా నడిచొచ్చారో ఆ మెట్ల మీద తెలిసింది నాకు.