పదకొండు గంటల పడవ

మొన్న మంగళవారం పొద్దున ఇడ్లీ పిండి కలుపుతుంటే సరోజ ఫోన్ చేసింది. సరోజ సినిమాలకు బట్టలు కుట్టే టైలరు, కృష్ణానగర్‌లో ఉన్నప్పటి నుంచి నాకు స్నేహితురాలు. పొద్దున్నే ఫోన్ చేసే మనిషి కాదు.

"మాస్టరమ్మ పోయిందక్కా" అంది.

"ఎక్కడికి?" అన్నాను.

అవతల ఏడుపు వినిపించింది. అప్పటికి గాని ఆ మాటకు అర్థం నాకు తట్టలేదు. పొయ్యి మీద చాయ్ పెట్టి, చెల్లెలితో ఏదో చెబుతూ కుర్చీలో అలాగే ఒరిగిపోయిందట. గుండె ఆగిపోయింది. యాభై ఎనిమిదేళ్లు.

మాస్టరమ్మ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఫొటో రాలేదు, ఎవరూ సంతాపం ప్రకటించలేదు. కానీ మీరు ఆమెను చూసే ఉంటారు. దాదాపు ఇరవై ఏళ్లు తెలుగు పాటల్లో హీరోయిన్ వెనక డాన్సు చేసింది. ఎక్కువగా మూడో వరసలో, ఎడమ చివర. మనందరి కళ్లూ హీరోయిన్ మీదే ఉంటాయి గనక చూసి కూడా చూడలేదు, అంతే.

సినిమావాళ్లలో డాన్సు నేర్పేవాళ్లనే మాస్టర్ అంటారు. ఆమె ఏనాడూ మాస్టర్ కాలేదు. ఆ పేరు మేం పెట్టాం. మొదటిసారి పిలిచినప్పుడు, "ఛీ, గట్ల పిలవకుండ్రి, అసలు మాస్టర్లు ఇంటే నవ్వుతరు" అని కసిరింది. నాలుగు రోజులు పోయాక ఆ పేరుకే పలకడం మొదలుపెట్టింది.

ఆమె పుట్టిందీ పెరిగిందీ బోరబండలో. నలభై దాటాక ఒక వాన పాట చేస్తుండగా కాలు జారి మోకాలు తిరిగింది. ఆపరేషన్ అయ్యాక నడక వచ్చింది గాని డాన్సు రాలేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద జిమ్ నడిపే పాత సినిమా ఫైటర్ ఒకాయన, జిమ్‌కి వచ్చే ఆడవాళ్లను చూసుకోమని ఆమెకు పని ఇచ్చాడు. ఆ హాల్లో ఒక మూల మూడు రోయింగ్ మెషిన్లు దుమ్ము పట్టి పడి ఉండేవి. జారుడు పీట మీద కూర్చుని, పాదాలు పట్టీల్లో బిగించి, గొలుసుకున్న పిడిని పొట్ట దాకా లాగాలి. ముందున్న చక్రం గాలిని కోస్తూ బుస్సుమంటుంది. నీళ్లు లేవు, తెడ్లు లేవు. మోకాలి మీద బరువు పడకుండా ఒళ్లంతా కదలాలంటే ఇదే మంచిదని ఫిజియోథెరపీ చేసినాయన చెప్పాడట. అలా మొదలుపెట్టింది. ఆమె దాన్ని మెషిన్ అనేది కాదు. పడవ అనేది. అసలు పడవ జన్మలో ఎక్కలేదు.

పొద్దున జిమ్ నిండా కుర్రాళ్లు, కొత్త హీరోలు. సాయంత్రమూ అంతే. పదకొండు నుంచి పన్నెండు దాకా హాలు ఖాళీ. ఆ గంట ఆడవాళ్లకు ఇమ్మని ఫైటర్ గారిని అడిగి తీసుకుంది. సరోజ వచ్చింది. రోజంతా నిలబడి కాళ్లు వాచిపోయే హెయిర్‌డ్రెస్సర్ ఒకామె వచ్చింది. తర్వాత ఇంకొందరు. ఆఖరున, సరోజ చెయ్యి పట్టుకు లాక్కొస్తే, నేను వచ్చాను.

నేను డబ్బింగ్ చెబుతాను. పాతికేళ్లుగా తెర మీద వేరేవాళ్లు ఏడుస్తుంటే చీకటి గదిలో నేను ఏడుస్తున్నాను. మూడేళ్ల కింద ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వచ్చి ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. తిరిగి వచ్చాక మొదటి పెద్ద సీను, కొడుకును పోగొట్టుకున్న తల్లిది. డైలాగు సగంలో ఊపిరి అయిపోయింది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజినీరు, "ఏం పర్లేదు మేడం, ఇంకో టేక్" అన్నాడు. తొమ్మిది టేకులు అయ్యాయి. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను. మావారు వంట నేర్చుకున్నారు.

అలాంటి రోజుల్లో మొదటిసారి ఆ మెట్లు ఎక్కి గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాను. ఆమె నా వైపు చూసి చెయ్యి చాచింది.

"చున్నీ ఇయ్యి బిడ్డా."

"ఎందుకండీ?"

"పీట కింద చిక్కుతది. ఇయ్యి, నా తాన భద్రంగ ఉంటది."

అక్కడికొచ్చిన అందరి చున్నీలూ తీసుకుని కిటికీ చువ్వకు వరసగా వేసేది. చీర కట్టుకొచ్చినవాళ్లకు తన సంచిలోంచి ఉతికిన పైజామా ఒకటి తీసి ఇచ్చేది. నేను అద్దాల గోడ చూసి వెనక్కి జంకాను. కానీ ఆ మూడు మెషిన్లూ అద్దం వైపు లేవు. కిటికీ వైపు తిప్పి ఉన్నాయి. ఎందుకలా అని తర్వాత ఎప్పుడో అడిగితే చెప్పింది:

"జిందగీ అంత కెమెరాకు కనపడాలని నిలబడ్డ. కనపడ్డనా అంటే అదీ లే. ఈ గంట మనం ఎవ్వలకు కనపడొద్దు. మనకు మనం గూడ."

మెషిన్ మీద చిన్న తెర ఉంటుంది. ఎంత దూరం లాగాం, ఎంత వేగం, అన్నీ అంకెలు వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె ఆ తెర మీద చేతిరుమాలు కప్పేది. నాకు రెండు నెలల దాకా ఆ రుమాలు తియ్యలేదు. "నీ ఊపిరి ఇను. అంకెలు యాడికి పోవు" అనేది.

నేర్పే పద్ధతి డాన్సు పద్ధతే. తొడ మీద చేత్తో తాళం వేస్తూ ఎనిమిది దాకా లెక్కపెట్టేది. "కాళ్లతోని నూకు. నడుము. చేతులు ఆఖర్ల." మేమంతా చేతులతో గుంజేవాళ్లం. జీవితంలో ఏ బరువైనా చేతులతోనే లాగుతాం కదా. ఆమె వచ్చి మా మోకాళ్ల మీద వేలితో కొట్టేది. "గింత పెద్ద కాళ్లు పెట్టుకొని ఆ సన్న చేతుల పానం తీస్తవేంది?"

ఇంకో మాట కూడా అనేది. లాగడం అయ్యాక పీట ముందుకు జారుతుంది. అప్పుడు అందరమూ మళ్లీ లాగాలనే తొందరలో ధడాలున ముందుకు వచ్చేవాళ్లం. "వచ్చేటప్పుడు ఏం తొందర? ఊపిరి గప్పుడే దొరుకుతది" అనేది. డబ్బింగ్‌లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు పాతికేళ్లుగా తెలుసనుకున్నాను. ఆమె దగ్గర మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

తినకుండా వస్తే ఎక్కనిచ్చేది కాదు. స్టీలు డబ్బాలో నానబెట్టిన శనగలు తెచ్చేది. గుమ్మంలోనే మొహం చూసి కనిపెట్టేసేది. ఒకసారి హెయిర్‌డ్రెస్సర్ అబద్ధమాడింది, తిన్నానని. "ఏం తిన్నవ్?" అంటే "ఉప్మా" అంది. "ఉల్లిగడ్డ ఏసినవా?" అని అడిగేసరికి ఆమె దొరికిపోయింది. మాస్టరమ్మ గుప్పెడు శనగలు చేతిలో పోసి, అవి అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. మేం లాగినంతసేపూ ఆమె ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేది. మాతో పాటు తను ఎప్పుడూ మెషిన్ ఎక్కేది కాదు. నేర్పేవాళ్ల దర్జా కాబోలు అనుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. రాయకపోతే ఆమెను గురించి రాసినట్టు కాదు.

నేను చేరిన నాలుగో నెలలో ఒక సంగతి తెలిసింది. ఏళ్ల తరబడి నేను గొంతు ఇచ్చిన ఒక సీరియల్ నటికి, నాకు ఒక్క మాట చెప్పకుండా, వేరే అమ్మాయి చేత చెప్పించడం మొదలుపెట్టారు. టీవీలో ఆ నటి నోరు తెరిస్తే ఇంకెవరి గొంతో వచ్చింది. మర్నాడు జిమ్‌కి ఆ కోపంతోనే వెళ్లాను. చేతులతో గుంజుతున్నాను. "కాళ్లు" అంది ఆమె. మళ్లీ "కాళ్లు బిడ్డా" అంది. మూడోసారి అనేసరికి పిడి వదిలేశాను. అది గొలుసుతో సహా పోయి ఇనుముకు తగిలి పెద్ద చప్పుడయింది.

"స్టూలు మీద కూర్చుని చెప్పడం తేలికేనండీ. మీరొకసారి లాగండి, చూస్తాం" అన్నాను.

సరోజ నా మోచెయ్యి పట్టుకుంది. మాస్టరమ్మ స్టూలు మీంచి లేచి, తన చున్నీ తీసి కిటికీ చువ్వకు వేసి, నా పక్కనున్న మెషిన్ మీద కూర్చుని పట్టీలు బిగించుకుంది.

ఇరవైసార్లు లాగింది. నేను లెక్కపెట్టాను. అంత అందమైన కదలిక నేను దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. ఎక్కడా బలవంతం లేదు. కాళ్లు, నడుము, చేతులు ఒక దాని వెనక ఒకటి వెళ్లి, అలాగే వరసగా తిరిగి వస్తున్నాయి. చక్రం చప్పుడు కూడా మాకు వచ్చేలాంటిది కాదు, మెత్తగా, నిండుగా ఉంది. వెనక వరసలో ఇరవై ఏళ్లు ఏం దాగిపోయిందో నాకు ఆ నిమిషంలో కనబడింది.

దిగి, నా భుజం తట్టి, "గిట్ల" అంది. మెల్లగా బయటకు వెళ్లి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి "చుట్టాలింటికి పోయిన" అంది. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. క్షమాపణ అడుగుదామనుకున్నాను. ఆ రోజు కుదరలేదు, తర్వాత అవసరం లేదనిపించింది. ఆమె మామూలుగానే నా చున్నీ అందుకుంది.

ఆ ఏడాది చివర్లో ఒక చిన్న సినిమాలో ప్రసవం సీను చెప్పడానికి పిలిచారు. అరుపులు, మధ్యలో మాటలు, మళ్లీ అరుపులు. రెండో టేకుకే ఓకే అయింది. అక్కడి నుంచి ఆటో ఎక్కి తిన్నగా జిమ్‌కి వెళ్లి చెప్పాను. "ఏదీ, చెయ్యి" అంది. మెషిన్ల మధ్య నిలబడి ఆ సీనంతా చేశాను. ఫైటర్ గారు కంగారుపడి కిందనుంచి పరుగెత్తుకొచ్చారు. మాస్టరమ్మ నవ్వలేదు. నా తెర మీది రుమాలు ఏనాడో తీసేసినా, కొత్తగా వచ్చిన అమ్మాయి తెర మీద ఉన్న రుమాలు తీసి నా మొహం తుడిచింది. "ఇగ నీకు ఫికర్ లేదు" అంది. అంతే అంది.

మంగళవారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె చెల్లెలు నన్ను గుర్తుపట్టింది. అక్కాచెల్లెళ్లిద్దరే ఉండేవాళ్లు. లోపలి గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"గుండెల వాల్వ్ ఖరాబైంది అక్కకు. నాలుగేండ్లాయె. ఏం గుంజొద్దు, బరువు లేపొద్దు, పడవ బంద్ చెయ్యాలె అన్నడు డాక్టరు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పకుండా ఉండలేక ఆ రోజు జరిగినదంతా చెప్పేశాను. నేనన్న మాట, ఆమె ఎక్కడం, ఇరవైసార్లు. చెల్లెలు నేలను చూస్తూ విన్నది.

"గా దినమా" అంది చివరికి. "రెండొద్దులు మంచం దిగలే. ఆయాసం. నేను మస్తు తిట్టిన, ఎవ్వల కోసం చేసినవే అని. ఎవ్వల పేరూ చెప్పలే." మళ్లీ అంది: "గాని నవ్వుతనే ఉన్నదమ్మా. పండుకొని కాళ్లు జాపి నాకు చూపెట్టింది. ఇంకా పోలేదే చెల్లే, అన్నీ ఉన్నయి అన్నది. డాన్సు ఇడిసినంక గట్ల నవ్వంగ నేను చూడలే."

ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదో, జరిగింది జరిగినట్టు చెప్పిందో నాకు తెలియదు. రెంటిలో ఏదైనా నేను మోయాల్సిందే. నేను అడగని క్షమాపణ ఇక అడగలేను. ఆమె కోపంతో నా పేరు దాచిందని మాత్రం అనుకోను. ఆమె ఎవరి తప్పులనూ ఇంటికి మోసుకెళ్లే మనిషి కాదు.

గురువారం పదకొండింటికి మేం జిమ్‌కి వెళ్లాం. వెళ్లాలని ఎవరమూ అనుకోలేదు. ఒక్కొక్కరుగా మెట్లెక్కి వచ్చాం, అంతే. కాసేపటికి సరోజ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమెకు తాళం సరిగ్గా రాదు. ఐదు దగ్గర ఆగిపోయింది. మిగతా మూడూ నేను లెక్కపెట్టాను.

కానీ కళ్లు మూసుకుంటే నాకు వచ్చేది ఆ హాలు కాదు. మంగళవారం మధ్యాహ్నం వాళ్ల సందు. ఆమెను తీసుకెళ్లే బండి లోపలికి రాక మెయిన్ రోడ్డు మీద ఆగింది. సందులో బైకులు పక్కకు తీస్తుండగా రెండు వ్యాన్లు వచ్చాయి. దగ్గర్లో ఎక్కడో పాట షూటింగు జరుగుతోందట. భోజనాల విరామంలో గ్రూప్ డాన్సర్లు మేకప్పుతోనే వచ్చేశారు. ఇరవై మంది దాకా అమ్మాయిలు, అందరివీ పసుపుపచ్చ లంగా ఓణీలు, పెట్టుడు జడలు, జడల నిండా కాగితపు మల్లెలు. పైన తువ్వాళ్లు కప్పుకున్నారు. చాలామంది ఆమెతో కలిసి డాన్సు చేసినవాళ్లు కాదు, అంత వయసు లేదు. ఎవరి మోకాలు నొప్పి పుట్టినా ఆమె దగ్గరికే వెళ్లేవారని అక్కడే తెలిసింది.

ఆమెను బయటకు తెచ్చారు. అమ్మాయిలు గోడ వారగా జరిగి దారి ఇచ్చారు. మళ్లీ షాటుకు వెళ్లాలి, కాటుక కారితే కుదరదు. అందుకని ప్రతి ఒక్కరూ టిష్యూ కాగితం మడిచి కంటి కింద అదిమి పట్టుకున్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, పసుపుపచ్చ బట్టల్లో, తలలు బాగా వెనక్కి వంచి, కన్నీళ్లు చెంపల మీదికి జారకుండా అందరూ పైకి, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు.