సత్తయ్య కాక కణాలు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మాది లక్సెట్టిపేట. చిన్నప్పుడు వల్లకాటి పక్క నుంచే బడికి పోయేదాన్ని. తర్వాత చదివింది జీవశాస్త్రం. ఆ చదువులో ఈ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా ఇమడటం లేదు.

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రికి చెందిన చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. మెదడు క్యాన్సర్‌ను ఆపరేషన్ చేసి తీసేసినా చాలామందికి మళ్లీ వస్తుంది. అలా తిరిగొచ్చిన గడ్డలోంచి, రోగి ఒప్పుకుంటే, చిన్న ముక్క తెచ్చి ఆ కణాలను డిష్షుల్లో పెంచుతాం. ఒక్క మందుకు లొంగనివి రెండు మందులు కలిపి వేస్తే చస్తాయా అని చూస్తాం.

సత్తయ్య కాక జమ్మికుంట దగ్గర పత్తి రైతు. రెండో ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా కర్ర పట్టుకుని మా ల్యాబ్ తలుపు దాకా వచ్చేవాడు. తన కణాలు చూడాలని పట్టుబట్టి డాక్టరును ఒప్పించాడు. మైక్రోస్కోప్‌లో నేనే చూపించాను. చాలాసేపు కళ్లు తీయలేదు.

"గివి నావేనా బిడ్డా? బతికే ఉన్నయా?"

ఉన్నాయన్నాను.

"మందు దొరికేదాక వాటిని సావనియ్యకు. నాకు కాకున్నా ఇంకొకలకు పనికొస్తది."

తర్వాత ఆయన రాలేదు. మంచం పట్టాడని, మాట కూడా పడిపోయిందని భార్య సరవ్వ ఫోన్లో చెప్పింది. ఇక్కడ ఆయన కణాలు మేం కలిపిన మందులు వేటికీ లొంగలేదు. చివరికి ఒక జంట మందులు వేస్తే మొదటిసారి కాస్త తగ్గాయి. నాకు ఆశ పుట్టింది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే ఆయన కణాలన్నీ అడుగు వదిలి తేలుతున్నాయి. చచ్చిపోయాయి. మందు వేసినవే కాదు, పోల్చి చూడటానికి ఏ మందూ వేయకుండా ఉంచినవి కూడా. అదే అరలో పక్కనున్న వేరే రోగుల కణాలు ఎప్పటిలాగే ఉన్నాయి. అన్నిటికీ పోసింది ఒకే సీసాలోని ద్రవం. వేడిలో తేడా లేదు. సూక్ష్మజీవులు చేరాయేమోనని చూశాం, లేవు. ల్యాబ్ నడిపే మా మేడం కూడా ఏమీ తేల్చలేకపోయింది. ఈ సంగతి ల్యాబ్ దాటి బయటికి పోలేదు.

మర్నాడు సరవ్వ ఫోన్ చేసింది. కాక నిన్న సాయంత్రం పోయాడని చెప్పి ఏడ్చింది. కాస్త నిమ్మళించాక ఇంకో మాట చెప్పింది. ఎన్నో రోజులుగా మాట లేని మనిషి నిన్న పొద్దున నోరు తెరిచాడట.

"'కరీంనగర్‌ల ఉన్నయి పోయినయి. ఆ బిడ్డ పరేషాన్ అయితుంది, ఆమె తప్పేం లేదని చెప్పు' అన్నడమ్మా. ఏం పోయినయో నాకు సమజ్ కాలే. నీకేమన్న ఎరుకనా?"

ఎరుకే అన్నాను. జరిగిందంతా చెప్పాను. 

ఆయన కణాలు కొన్ని ముందే అతి చల్లదనంలో గడ్డకట్టించి దాచి ఉంచాం. తర్వాత వాటిని తీసి పెంచాం. బతికాయి, ఆ జంట మందుల పరీక్ష మళ్లీ సాగుతోంది. డిష్షుల్లో కణాలు ఒక్కోసారి కారణం లేకుండా చస్తాయి, నిజమే. కానీ జమ్మికుంట దగ్గర మంచంలో ఉన్న మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.