అద్దంలో ఎర్రబండి

మా మేనమామ శేషగిరిరావు గారు గద్వాలలో పరమపదించారన్న వార్త హైదరాబాదులో నా చెవిన పడినప్పుడు నేను నమ్మలేదు. ముందురోజే నా కారు అద్దంలో కనిపించిన మనిషి. మళ్లీ నేనే ఫోన్ చేశాను. అత్తే ఎత్తి ఏడ్చింది. ఒక్కమాటకు దేన్నీ నమ్మని గుణం నాకు ఆయన నుంచే అబ్బింది.

ఆయన లెక్కల ఉపాధ్యాయులు. జవాబు సరైనదైనా దారి చూపించనిదే మార్కు వేయని నిష్ఠాగరిష్ఠులు. ఆయన సర్వస్వం ఒక ఎర్రని పాత స్పోర్ట్స్ కారు. సంస్థానపు రోజుల నాటిది, పైకప్పు లేదు, రెండే సీట్లు. తుక్కు కింద పోవలసినదానికి తానే ప్రాణప్రతిష్ఠ చేశారు. పొద్దున్నే దాన్ని తోసి స్టార్ట్ చేయించడం మా వాడకట్టుకు నిత్యకృత్యం. పక్కసీట్లో మాత్రం లావుపాటి మోకుతాడు ఒకటి చుట్టచుట్టి ఉండేది. నన్ను సైతం అక్కడ కూర్చోనివ్వలేదు.

పత్తి విత్తనాల వ్యాపారం నిలదొక్కుకున్నాక నేను పెద్ద సెడాన్ కొన్నాను. మల్దకల్ గుడి ముందు పూజ చేయించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి మామను ఎక్కమన్నాను. ఆయన ఎక్కకుండా బానెట్‌కు చెవి ఆనించారు.

"స్టార్టయిందారా ఇది?"

"అయింది మామా."

"మరి సప్పుడేది? నా బండికి బాగలేకుంటే మొత్తుకుంటది. ఇది లోపల్లోపల ఏం జేస్తుందో ఎట్ల తెలుస్తది?"

"సప్పుడెందుకు మామా? ఏసీల సల్లగ కూసోని పోవచ్చు."

"తలుపులు, అద్దాలు అన్నీ కరెంటు మీదనే. గా కరెంటు బందయితే ఎట్ల బయటికొస్తవ్?"

నాకు ఒళ్లు మండింది. ఓర్వలేకనే అంటున్నాడనుకున్నాను.

ఆ తరువాత నా అనుమానం ముదిరింది. హైదరాబాదు బయలుదేరిన ప్రతిసారీ వెనక ఎర్రబండి. గుంతల రోడ్డు మీద నేను మెల్లగా పోతుంటే, దుమ్ము మింగుతూ ఎర్రవల్లి చౌరస్తా దాకా వచ్చి, నేను హైవే ఎక్కగానే వెనుదిరిగేవారు. పందెమా, నిఘా? నిలదీస్తే "టమాటలకొచ్చిన" అన్నారు. గద్వాలలో టమాటలు దొరకవా?

దినవారాలు ముగిశాక ఆ బండి తుడుస్తూ మోకు తీయబోతే అత్త ఆపింది.

"అది జర గట్లనే ఉండనీ అల్లుడా."

"ఇంకెందుకత్తా? బండి ఆగితే కట్టి గుంజనీకె పెట్టుకున్నడు గద."

"ఆయన బండి ఆగితే నూకనీకె ఊరంత ఉండె. అది నీ బండికి. 'హైవే మీద మస్తు మంది ఉంటరు, గా చౌరస్తా దాంక నడుమల ఆగితే పోరనికి దిక్కెవరు' అంటుండె."

నేను ఆ సీటు అంచు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. అపనమ్మకం రూపంలో అంతటి వాత్సల్యాన్ని వెంట పంపిన ఆ మహనీయునికి ఏ అక్షరాలతో అంజలి ఘటించను?

నిన్న మళ్లీ హైదరాబాదు బయలుదేరాను. సెడాన్ ఎప్పటిలాగే చప్పుడు లేకుండా పోతోంది. చౌరస్తా వచ్చేవరకు అద్దంలోకే చూశాను. వెనక రోడ్డు మీద ఎవరూ లేరు.