వాల్టర్ గారి వెనక తలుపు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. వ్యవసాయ డిగ్రీ చదివి, నాలుగేళ్లు మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసినదాన్ని. కంటితో చూడనిది కాగితం మీద పెట్టేదాన్ని కాదు. ఇదీ అంతే, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కెనడాలోని కిచెనర్ వచ్చాక వృద్ధులను ఇళ్లలో చూసుకునే పనిలో చేరాను. వాల్టర్ గారికి తొంభై నాలుగేళ్లు. ఒంటరి మనిషి, వీల్‌చెయిర్‌లోనే ఉంటారు. ఇప్పటి మలేషియా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో, కుర్రతనంలో, అక్కడ వ్యవసాయ అధికారిగా చేశారట. రబ్బరు తోటలు, జలగలు, నెలల తరబడి వానలు. ఆ కబుర్లు ఎన్నో చెప్పేవారు. తోటల్లో తెలుగు కూలీలు ఉండేవారని మాత్రం ఒక్కసారే అన్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, బయట మంచు కురుస్తోంది. వంటింట్లో సూప్ వేడి చేస్తున్నాను. వెనక తలుపు ఎవరో తట్టారు.

"దొరగారున్నారా అమ్మా?"

మగ గొంతు. ఆయాసం.

"ఉన్నారు, రండి," అన్నాను స్టవ్ వైపే చూస్తూ. అన్న తర్వాత గాని ఆ పిలుపు తెలుగులో ఉందని స్ఫురించలేదు. ఆ వీధిలో తెలుగువాళ్లే లేరు.

తలుపు అద్దంలోంచి చూశాను. పెరట్లో మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. గడియ వేసినట్టే ఉంది.

ముందు గదిలోకి పరిగెత్తాను. వాల్టర్ గారి మొహంలో నెత్తురు లేదు.

"అతనికి ఏం చెప్పావు?" అన్నారు ఇంగ్లీషులో.

"మీరు ఉన్నారని, సర్."

"ఆ రోజు నేను లేనని చెప్పించాను," అన్నారు.

ఆ రబ్బరు తోటల రోజుల్లో, వానల్లోనే గుట్ట మీద కాలువలు తవ్వమని ఆయనే ఆర్డర్ వేశారట. తెలుగు మేస్త్రీ ఒకతను తడిసి ముద్దై బంగళా వెనక తలుపు దగ్గరికి వచ్చాడు, నేల జారుతోంది, పని ఆపమని చెప్పడానికి. ఈయన టీ తాగుతూ, వంటవాడి చేత దొర లేడని చెప్పించారు. ఆ సాయంత్రం గుట్ట కూలింది. మేస్త్రీ శవం కూడా దొరకలేదు.

వింటూ కిందికి చూశాను. వంటింటి నుంచి ఆయన కుర్చీ దాకా ఎర్ర బురద అడుగులు. ఉత్త పాదాలవి, అయిదు వేళ్లూ తెలుస్తున్నాయి. కుర్చీ ముందు రెండు పాదాలూ పక్కపక్కన ఆగాయి. తిరిగి వెళ్లిన జాడ లేదు. బయట నేల రాయిలా గడ్డకట్టి ఉంది. ఆ మట్టి ఇక్కడిది కాదు, అది నేను చెప్పగలను.

వాల్టర్ గారు నన్ను చూడటం లేదు. ఆ అడుగుల పైన, మనిషి మొహం ఉండేంత ఎత్తులో చూస్తున్నారు.

"చెప్పు," అన్నారు. తెలుగులో.

కోటు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తాను. పక్కింటావిడను తీసుకుని వచ్చేసరికి నేల పొడిగా ఉంది. ఆయన మాత్రం ఎవరో చెబుతున్నది వింటున్నట్టు తల ఊపుతున్నారు. మూడు రోజులు అలాగే విన్నారు. మాతో ఒక్క మాట మాట్లాడకుండానే పోయారు.

"డబుల్ షిఫ్టులు చేసి చేసి అలా అనిపించిందిలే," అంటారు మా ఆయన. నాకు అనిపించింది సరే, ఆ పిలుపు వాల్టర్ గారికి ఎలా వినిపించింది? ఒక్కటి మాత్రం తెలుసు. ఇప్పుడు ఎవరు తలుపు తట్టినా, మనిషి కనపడేదాకా నేను నోరు విప్పను.